మండేవన్నీ ఇంధనాలు కావు

తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు అన్న సామెత తెలియని తెలుగువాడుండడు. మండేవన్నీ ఇంధనాలు కావు అన్న మూడవ పాదాన్ని కూడా దానికి చేర్చుకోవలసిన అవసరం వచ్చిపడింది. డీజిలు ధర పెరిగిన ప్రతిసారీ ఒక వదంతి లేచి ఊరూరా తిరుగుతుంది. కానుగ నూనె పోస్తే ట్రాక్టరు నడుస్తుందట. బజ్జీలు వేయించిన నూనెను వడగట్టి పోస్తే జీపు నడుస్తుందట. కిరోసిను కలిపితే లారీ నడుస్తుందట. ఊరి చివరి షెడ్డులో డబ్బాలకెత్తి అమ్మే "బయోడీజిలు" పోస్తే అన్నీ నడుస్తాయట.

ముప్ఫై ఏండ్లకు పైగా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాణ్ణి. అందువల్ల నా చూపు ముందుగా ఆ క్రియాపదం మీదనే పడుతుంది. "నడుస్తుంది" అన్నది మన వ్యాకరణంలో తద్ధర్మార్థకం. ఎప్పుడో ఒకనాడు జరిగిన పనిని కాక, వస్తువుకు సహజమైన స్వభావాన్ని చెప్పే రూపమది. సూర్యుడు ఉదయిస్తాడు, నీరు పల్లానికి పారుతుంది అన్నప్పుడు వాడేది దానినే. నూనె పోసి బండిని నాలుగు రోజులు తిప్పినవాడు న్యాయంగా అనవలసిన మాట "నడిచింది" అని. భూతకాలంలో చెప్పవలసిన దానిని తద్ధర్మంగా చెప్పటంలోనే ఈ వ్యవహారంలోని మోసమంతా ఇమిడి ఉన్నది. ఎంతకాలం నడుస్తుంది, ఏ భాగాన్ని అరగదీసుకుంటూ నడుస్తుంది, ఆగిననాడు ఎవరి జేబుకు చిల్లు పడుతుంది అన్న మూడు ప్రశ్నలనూ ఆ ఒక్క ప్రత్యయం మింగివేస్తున్నది.

నేను ఇంజనీరును కాను. మిత్రులలో ఇంజనీరింగు చదివినవారు ఎందరో ఉన్నారు. అయినా తెలుగు పంతులు ఈ గొడవలో తలదూర్చటానికి కారణం ఉన్నది. ఇది ఇంజిన్లు చెడటంతోపాటు మాటలు చెడటం కూడా. ఇక్కడ మాట ముందు చెడింది, ఇంజిను తరువాత చెడింది.

మొదటి మాట "ప్రత్యామ్నాయం". ఈనాడు ఆల్టర్నేటివ్ అన్న ప్రతి దానికీ ఈ మాటను విచ్చలవిడిగా వాడుతున్నాము. ఆమ్నాయమంటే వేదం, పరంపరగా వచ్చిన విధి. ధర్మశాస్త్రంలో ప్రత్యామ్నాయమంటే విధించిన కర్మను చేయలేనివానికి శాస్త్రమే చూపిన బదులు. కఠినమైన ప్రాయశ్చిత్తం చేయలేనివాడు గోదానం చేయవచ్చునన్న తరహా వెసులుబాటు అది. మనసుకు తోచిన దానిని బదులు పెట్టుకోవటం ప్రత్యామ్నాయం కాదు. మీమాంసకులు "ప్రతినిధి" అన్న పేరుతో ఇదే విషయాన్ని ఇంకా నిశితంగా చర్చించారు. యాగానికి వ్రీహి ధాన్యం దొరకకపోతే దానికి దగ్గరి పోలిక గల నివ్వరి ధాన్యాన్ని తీసుకొమ్మన్నారు. పోలిక ఉన్నా సరే, యజ్ఞానికి పనికిరావని నిషేధించిన గింజలను తేరాదన్నారు. బదులు వస్తువుకు ఉండవలసిన లక్షణాలు రెండని దీనివల్ల తేలుతున్నది. అసలు చేసే పనికి కావలసిన గుణాలలో అసలుకు దగ్గరగా ఉండాలి, నిషిద్ధం కాకుండా ఉండాలి. మండటమనే ఒక్క గుణం చూసి నూనెను డీజిలుకు బదులనేవాడు, గుండ్రంగా ఉన్నదని గులకరాయిని శనగగింజకు బదులు తెచ్చినవానితో సమానుడు.

రెండవ మాట "బయోడీజిలు". ఈ పేరును ముద్దుపేరుగా మూడు వేరువేరు పదార్థాలకు తగిలిస్తున్నారు. మొదటిది గానుగలోనో మిల్లులోనో ఆడించిన పచ్చి నూనె. రెండవది ఆ నూనెను మిథనాలుతో, క్షారంతో రసాయనచర్య జరిపించి, గ్లిసరిన్ వేరుచేసి, కడిగి, ఆరబెట్టి తీసిన ఎస్టరు. శాస్త్రజ్ఞులు బయోడీజిలనేది దీనిని మాత్రమే. దీనికి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 15607 అన్న ప్రమాణం పెట్టింది. మూడవది పారిశ్రామిక ద్రావణులో కిరోసినో కాల్చిన ఇంజనాయిలో కలగలిపి, పచ్చని ఆకు బొమ్మ అంటించి అమ్మే కల్తీ సరుకు. పాలకూ, పెరుగుకూ, సున్నపు నీటికీ ఒకే పేరు పెట్టి "తెల్లగానే ఉన్నది కదా, తాగు" అంటే మనం ఊరుకుంటామా?

ఇలాంటి నామమహిమ మనకు కొత్త కాదు. 1996లో తమిళనాట రామర్ పిళ్ళై అనే ఆయన మూలికలతో పెట్రోలు తయారుచేశానని ప్రకటిస్తే దేశం దేశమే నోరు తెరుచుకొని చూసింది. చివరకు అది పెట్రోలియం ద్రవాల మిశ్రమమేనని దర్యాప్తులో తేలింది. 2016లో చెన్నైలోని న్యాయస్థానం ఆయనకు మూడేళ్ళ శిక్ష విధించింది. తీర్పు రావటానికి ఇరవై ఏండ్లు పట్టింది. "మూలిక" అన్న మాట మీద మనకున్న భక్తికి చెల్లించిన వడ్డీ అది.

ఇక శాస్త్రపద్ధతిలో పూర్వపక్షాన్ని వినిపించి సమాధానం చెబుతాను.

"డీజిలు ఇంజనును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిలే దానిని వేరుశనగ నూనెతో నడిపాడు కదా!" అన్నది మొదటి పూర్వపక్షం. ఇందులో సగం నిజమున్నది. 1900 సంవత్సరపు పారిస్ ప్రదర్శనలో ఆటో కంపెనీ వారు ఒక చిన్న డీజిలు ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఫ్రెంచి ప్రభుత్వం తన వలస దేశాలలో విరివిగా పండే వేరుశనగ పనికివస్తుందేమోనని కోరగా జరిగిన ప్రయోగమది. ఆ సంగతి 1912 ప్రాంతంలో డీజిలే వ్రాశాడు. అంతేగాని ఆయన తన ఇంజనును వేరుశనగ నూనె కోసమే పుట్టించాడన్న కథ కల్పితం. పైగా ఆనాటి ఇంజను ఒకచోట కుదురుగా కూర్చొని మెల్లగా తిరిగే బండరాయి వంటిది. నాటి ఇంజనుకు సరిపడిన దానిని నేటి ఇంజనుకు సాక్ష్యంగా తేవటం, తాతగారు రాళ్ళు తిని హరాయించుకున్నారు కనుక పసిపిల్లవాడికీ రాళ్ళు పెట్టవచ్చునన్నట్లు ఉంటుంది.

నేటి ఇంజను సంగతి చూడండి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కితే అది కాగుతుంది. కాగిన గాలిలోకి డీజిలును పొగమంచులా చిమ్మితే తనంత తానే అంటుకుంటుంది. ఆ చిమ్మటంలోనే ఉన్నది కిటుకంతా. ఈ కాలపు కామన్ రైలు ఇంజన్లలో వాతావరణ పీడనానికి 1600 నుంచి 2000 రెట్ల ఒత్తిడితో, మిల్లీమీటరులో పదవ వంతు ఉండే రంధ్రాలగుండా ఇంధనం దూసుకువస్తుంది. పంపులో జారే భాగాల నడుమ సందు మైక్రాన్లలో ఉంటుంది. ఆ సందులో కందెనగా పనిచేసేది మరేదో కాదు, ఆ డీజిలే. అంటే డీజిలు ఇక్కడ ఆహారమూ ఔషధమూ కూడా. దానికి కావలసిన చిక్కదనం, మండే వేగం, కందెన గుణం, శుభ్రత అన్నీ కొలిచి, ప్రమాణం కట్టి, ఇంజనును ఆ ప్రమాణానికి తగినట్లు చెక్కారు.

ఇప్పుడు పచ్చి నూనెను తెచ్చి పోయండి. 40 డిగ్రీల వేడి దగ్గర డీజిలు చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలన్నది ప్రమాణం. అదే వేడి దగ్గర మన వంట నూనెలు 30 నుంచి 40 దాకా ఉంటాయి. అంటే సుమారు పదింతలు. అంత చిక్కనిది ఆ సన్నని రంధ్రాలలోంచి పొగమంచై రాదు; ధారగా, బిందువులుగా పడుతుంది. పెద్ద బిందువు పూర్తిగా మండదు. మండని భాగం నాజిలు మూతికి మసియై పేరుకుంటుంది, పిస్టను రింగుల గాడులలో జిగురై కూర్చుంటుంది. మిగిలినది సిలిండరు గోడ వెంట జారి కింది ఇంజనాయిలులో కలుస్తుంది. వేడికి అక్కడ చిక్కబడి, చివరకు ముద్దకడుతుంది. కందెన అందని బేరింగులు అరుగుతాయి.

ఈ ముద్దకట్టటమేమిటని సందేహించేవారు తమ వంటింట్లో పొయ్యి వెనుక గోడను ఒకసారి తాకి చూడండి. పోపు తుంపరలు పడిపడి గట్టిపడి, గీకినా రాని పచ్చని జిగురు అక్కడ ఉంటుంది. అవిసె నూనెను రంగులలో కలపటానికి కారణం కూడా అదే. గాలి తగిలితే ఆరి పొరకడుతుంది. నూనెకు సహజమైన ఆ గుణం కుర్చీకి వన్నె తెస్తుంది, ఇంజనుకు ఉరి వేస్తుంది.

వేయించిన నూనె సంగతి మరీ అన్యాయం. అందులో నూనెతోబాటు నీరు, ఉప్పు, మాడిన పిండి, పలుమార్లు కాగటం వల్ల పుట్టిన ఆమ్లాలు ఉంటాయి. గుడ్డతో వడగట్టితే పిండి పోతుందేమో కాని ఆమ్లం పోదు. అటువంటి నూనె మళ్ళీ వంటకు రాకుండా సేకరించి బయోడీజిలు కర్మాగారాలకు పంపించే ఏర్పాటును భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో మొదలుపెట్టింది. మంచి పని. ఆ నూనె కర్మాగారానికి వెళ్ళాలన్నదే అక్కడి మాట. బజ్జీల బండి నుంచి నేరుగా జీపు ట్యాంకులోకి వెళ్ళాలని ఆ సంస్థ ఎక్కడా అనలేదు.

నా పాత శిష్యుడొకడు ఒక పట్టణంలో పంపు నాజిళ్ళ దుకాణం నడుపుతున్నాడు. ఒకనాడు అటు వెళితే బల్లమీద వరుసగా పెట్టిన నాజిళ్ళను చూపించాడు. మూతులు నల్లగా బొగ్గుకట్టి ఉన్నాయి. "ఇదేమిరా నాయనా, ఇంత మసి?" అని అడిగాను.

"అన్నీ నూనె తాగినవే మాస్టారూ. మొదటి రెండు నెలలు వాళ్ళు నాకు ఫోన్ చేసి ఎంత మిగిలిందో చెబుతారు. తరువాత బండిని తాడుకట్టి లాక్కొస్తారు. ఈ లారీ ఆయనకు ఇంకా కిస్తీలు తీరలేదు. నేను బిల్లు ఎట్లా చెప్పనండీ?" అన్నాడు.

ఆ చివరి ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. లీటరుకు పదో ఇరవయ్యో మిగిలిందని సంబరపడినవాడు, వేల రూపాయలు విలువచేసే ఇంజెక్టర్లు నాలుగో ఆరో ఒక్కసారిగా మార్చవలసివస్తే, అటుపైన ఇంజను బోరుకు దిగితే, మిగిలినదంతా ఏమవుతుంది? బండి షెడ్డులో ఉన్న నెల కూడా ఫైనాన్సు వాడు కిస్తీ మానడు. ఒప్పుకోని ఇంధనం పోశారని తేలితే కంపెనీ వారంటీ చెల్లదంటుంది. నూనె పోయమని సలహా ఇచ్చినవాడు ఆ పూటకు ఊళ్ళో ఉండడు. లాభం పంచుకునేటప్పుడు పదిమంది, నష్టం మోసేటప్పుడు ఒక్కడు. నా ఆగ్రహమంతా ఈ లెక్క మీదనే.

ఇక కిరోసిను. ఇది నూనెకు సరిగ్గా వ్యతిరేకం. నూనె మరీ చిక్కన, కిరోసిను మరీ పలుచన. మండుతుంది, మండటంలో లోటు లేదు. కందెన గుణంలో లోటు. పంపులోని సందులలో లోహం లోహాన్ని రాచుకుంటుంది. ఆ అరుగుదల చప్పుడు చేయకుండా జరుగుతుంది. పేదల పొయ్యి కోసం రాయితీపై ఇచ్చిన నీలి కిరోసిను, ఆ రాయితీ పుణ్యమా అని, డీజిలు ట్యాంకులలోకి ప్రవహించిన కాలాన్ని మనమందరం చూశాము. ఆ కాలంలో అరిగినవి పంపులు మాత్రమే కావు. కల్తీ అమ్ముతున్న ఒక బంకును మూయించినందుకు 2005 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపూర్ ఖేరీ జిల్లాలో ఇండియన్ ఆయిల్ అధికారి షణ్ముగం మంజునాథ్‌ను కాల్చిచంపారు. 2011 జనవరి 25న మహారాష్ట్రలోని మన్మాడ్ దగ్గర కల్తీని పట్టుకోబోయిన మాలేగావ్ అదనపు కలెక్టరు యశ్వంత్ సోనవణేను సజీవంగా దహనం చేశారు. "కొంచెం కలిపితే ఏమవుతుంది సారూ" అని తేలికగా అనేవారు ఈ రెండు పేర్లను ఒకసారి తలచుకోవాలి. కొంచెం కలపటమన్న వ్యాపారానికి కాపలా కాసే చేతులు ఎటువంటివో వీరిద్దరూ ప్రాణాలిచ్చి చూపారు.

"అయితే అసలైన బయోడీజిలు వాడతాము, అప్పుడేమంటావు?" అన్నది రెండవ పూర్వపక్షం. అసలైనదైతే, తగిన మోతాదులోనైతే, నాకు వైరం లేదు. గంధకం అతి తక్కువ, కందెన గుణం ఎక్కువ, సులభంగా నిప్పంటుకోదు. 2002 చివరలో ఢిల్లీ-అమృత్‌సర్ శతాబ్ది రైలును 5 శాతం బయోడీజిలుతో ప్రయోగాత్మకంగా నడిపారు. మన డీజిలు ప్రమాణం కూడా 7 శాతం దాకా బయోడీజిలు మిశ్రమాన్ని అనుమతిస్తున్నది. పెద్దలు గీసిన గీత అక్కడ ఉన్నది. ఆ గీత దాటి సగానికి సగమో, మొత్తానికి మొత్తమో పోస్తేనే చిక్కులు. బయోడీజిలుకు ద్రావణగుణమున్నది, పాత ట్యాంకులో ఏండ్ల తరబడి పేరుకున్న మురికిని ఒక్కసారిగా కడిగి ఫిల్టరుకు చేర్చి మూసివేస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను ఉబ్బించి మెత్తబరుస్తుంది. గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. చెమ్మ చేరిన చోట సూక్ష్మజీవులు పెరిగి జిగట తయారుచేస్తాయి. నెలల తరబడి నిలవ ఉంచితే పాచిపోతుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. పొగలోని మసిని పట్టే వడపోతను శుభ్రపరచటానికి చాలా బండ్లలో ఇంజను అదనంగా కొంత ఇంధనాన్ని ఆలస్యంగా చిమ్ముతుంది. డీజిలైతే ఆవిరైపోతుంది. అంత సులభంగా ఆవిరికాని బయోడీజిలు గోడవెంట దిగి ఇంజనాయిలును పలుచన చేస్తుంది.

దీనిని ఇంట్లోనే కాచుకోవచ్చునని నేర్పే మహానుభావులు కూడా బయలుదేరారు. వారికి చేతులు జోడించి చెబుతున్నాను: అది చారు కాచటం కాదు. మిథనాలు విషం. కల్తీసారా దుర్ఘటనలలో చూపులు పోగొట్టేదీ, ప్రాణాలు తీసేదీ అదే. పట్టపగలు అది మండుతుంటే మంట కంటికి సరిగా ఆనదు. అందులో కలిపే క్షారం చర్మాన్ని తినివేస్తుంది. సరిగా కడగక మిథనాలు మిగిలిపోతే, నిప్పుకు దూరంగా ఉండవలసిన బయోడీజిలు నిప్పును పిలిచే సరుకవుతుంది. కనీసం 101 డిగ్రీల దాకా నిప్పందుకోరాదని ప్రమాణం నియమించటంలోని రహస్యాలలో ఇదొకటి. పెరటిలో పిల్లలు ఆడుకునే చోట ఈ వంట వండేవానిని సాహసి అనలేను. దానికి తెలుగులో వేరే మాటలున్నాయి, ఇక్కడ వ్రాయను.

ఇథనాలును గురించి కూడా ఒక మాట. పెట్రోలులో కలుపుతున్నారు కదా, డీజిలులో ఎందుకు కలపరాదని కొందరి ప్రశ్న. పెట్రోలు ఇంజను వేరు, డీజిలు ఇంజను వేరు. తనంత తానే అంటుకునే గుణాన్ని సీటేను సంఖ్యతో కొలుస్తారు. డీజిలుకు కనీసం 51 ఉండాలి. ఇథనాలుకు 8 ప్రాంతంలో ఉంటుంది. పైగా 13 డిగ్రీల దగ్గరే ఇథనాలు ఆవిరి నిప్పందుకుంటుంది. మన ఎండలలో ట్యాంకులోని ఖాళీ భాగమంతా ఆ ఆవిరితో నిండితే ఎంత ముప్పో చెప్పనక్కరలేదు. డీజిలులో 10 శాతం ఇథనాలు కలిపే ప్రయోగం ఫలించలేదనీ, ఐసోబ్యుటనాలుతో ప్రయత్నాలు జరుగుతున్నాయనీ 2025లో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీయే చెప్పారు. ప్రయోగశాలలున్నవారే వెనక్కు తగ్గిన చోట, డబ్బా, గరాటూ మాత్రమే ఉన్నవారు ముందుకు ఉరకటమేమిటి?

"ఇదంతా రైతుకు మేలు చేసే పని, దానికి అడ్డుపడతావా?" అన్నది మూడవ పూర్వపక్షం. దీనికే నేను ఎక్కువగా బాధపడతాను. 2003లో ప్రణాళికా సంఘపు కమిటీ జట్రోఫా సాగుతో దేశానికి డీజిలు పండించవచ్చునని పెద్ద లెక్కలు వేసింది. 2009 నాటి జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమం లక్ష్యమన్నది. మన కరవు సీమలలోనూ జట్రోఫా, కానుగ నాటమని రైతులను ఉత్సాహపరిచారు. నీరక్కరలేదు, చేవలేని నేలలోనూ కాస్తుందన్నారు. నీరు లేకున్నా చెట్టు బతికింది. కాయ మాత్రం కాయలేదు. బతకటం వేరు, కాయటం వేరు. మళ్ళీ అదే తద్ధర్మం! "కాస్తుంది" అన్నారు. 2018లో వచ్చిన కొత్త విధానం ఆ 20ని 5గా మార్చి, గడువును 2030కి జరిపింది. కాకినాడ తీరాన వెలసిన బయోడీజిలు కర్మాగారాలు కూడా మన మెట్ట రైతు జట్రోఫా గింజకోసం కూర్చోలేదు; పామాయిలు శేషాల వంటి సరుకుతో నడిచాయి. జట్రోఫా గింజ విషమని, పిల్లలు తిని ఆసుపత్రుల పాలవుతారని మాత్రం మొక్క ఇచ్చేనాడు గట్టిగా చెప్పినవారు అరుదు. ఇక వంట నూనెల మాటంటారా, మనం తినే నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటున్న దేశం మనది. తినే నూనెను కొని తెచ్చుకొని బండికి పోసి స్వావలంబన అనటం, అప్పుచేసి దానం చేసినట్లుంటుంది.

అన్నీ విఫలమని చెప్పటం నా ఉద్దేశం కాదు. నాటి ఆదిలాబాదు జిల్లాలోని చల్పడి అనే గిరిజన గ్రామంలో కానుగ నూనెతో జనరేటర్లు నడిపి దీపాలు వెలిగించారు. అదే జిల్లాలోని పవర్‌గూడ మహిళలు కానుగ చెట్లను నమ్ముకొని, 2003లో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సరిపడే తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మగలిగారు. చల్పడి ప్రయోగంలో వేగం మారకుండా ఒకేచోట తిరిగే ఇంజనున్నది. దాని మంచిచెడ్డలు చూసే శాస్త్రజ్ఞులున్నారు. చెడితే దీపమే ఆరుతుంది, ఘాటు రోడ్డులో లారీ ఆగదు. ఆ పనికి ఆ బదులు తగినది. అదీ ప్రత్యామ్నాయమంటే. ఆ గ్రామాల పేరు చెప్పి హైవే మీది లారీకి పచ్చి నూనె అమ్మేవాడు ఆ గిరిజనుల మంచిపేరును కూడా కల్తీ చేస్తున్నాడు.

కనుక నా సిద్ధాంతం ఇది. పచ్చి నూనెను నూనె అనాలి, ఎస్టరును మాత్రమే బయోడీజిలు అనాలి, కల్తీని కల్తీ అనాలి. విలేఖరులు "నూనెతో నడిచే కారు" అని శీర్షిక పెట్టే ముందు, ఎన్ని వేల కిలోమీటర్లు నడిచింది, ఆ తరువాత ఇంజను విప్పి చూసినవారెవరు అని అడగాలి. విడి బయోడీజిలు అమ్మకానికి కేంద్రం 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. అమ్మేవానికి అనుమతి ఉన్నదా, సరుకుకు పరీక్షా పత్రం ఉన్నదా అని కొనేవాడు నిలదీయాలి. ఉండీ ఇవ్వకపోతే అడగాలి, లేకపోతే వెనుదిరగాలి. బంకులో డీజిలు మీద అనుమానం వస్తే సాంద్రత కొలిచి చూపించమని కోరే హక్కు మనకున్నది, మొహమాటపడనక్కరలేదు. బండి కంపెనీ ఇచ్చిన పుస్తకంలో ఏ మిశ్రమం ఎంతవరకు పోయవచ్చునో వ్రాసి ఉంటుంది. బండి కొన్ననాడు పూజచేసి అరలో దాచిన ఆ పుస్తకాన్ని ఒక్కసారి విప్పి చదవండి.

ప్రయోగాలు వద్దని నేననను. ప్రయోగం చేసేవాడు తన ఇంజనుతో, తన డబ్బుతో, ఫలితాన్ని ఉన్నదున్నట్లు చెబుతూ చేయాలి. కిస్తీలు తీరని లారీ మీద, అప్పుచేసి కొన్న ట్రాక్టరు మీద ప్రయోగాలు చేయించి, చెడితే ముఖం చాటువేయటం విజ్ఞానం కాదు. నమ్మినవాని గొంతు కోయటమంటారు దానిని.

ఈసారి మీ ఎదుట ఎవరైనా "నడుస్తుందండీ" అంటే, కాదని వాదించవద్దు. "ఎవరి బండి? ఎన్నాళ్ళు నడిచింది? చెడితే బాగుచేయించింది ఎవరు?" అని ఆ మూడు ప్రశ్నలూ వరుసగా అడగండి. జవాబు చెప్పగలిగితే నాకూ వినిపించండి, సంతోషంగా వింటాను. ఇంజనీరు మిత్రులు పై అంకెలలో సవరించవలసినది కనిపిస్తే నిర్మొహమాటంగా చెప్పండి. తెలుగు పంతులుకు దిద్దటం ఎంత ఇష్టమో దిద్దించుకోవటమూ అంతే ఇష్టం.

స్వస్తి.